వనస్థలిపురం నుంచి నానక్‌రాంగూడ దాకా: పొగ తగ్గించుకుంటూ, ఇబ్బంది పడకుండా ఆఫీసుకు వెళ్ళడం ఎలా?

మా కాలనీలో పొద్దున ఎనిమిది అయ్యేసరికి గేట్లు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటాయి. గేటుకో కారు, కారుకో మనిషి. దాదాపు అందరూ పోయేది ఒకే దిక్కుకు, హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులుండే వైపుకు: హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ. వనస్థలిపురం నుంచి నానక్‌రాంగూడ సుమారు ముప్పై కిలోమీటర్లు. నేనూ నాలుగేళ్ళు అలాగే పోయాను. ఇప్పుడు రెండేళ్ళుగా వారంలో నాలుగు రోజులు మా కారు ఇంటి దగ్గరే ఉంటోంది. ఆఫీసుకు ఆలస్యం కావడం లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక పిల్లల దగ్గర కూర్చునే ఓపిక మిగులుతోంది.

ఇది ఒక్క రోజులో కుదరలేదు. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ వదిలేశాను. మూడోసారి నిలబడింది. మొదట్లో ఎందుకు చెడిందా అని ఆలోచిస్తే కారణం ఒకటే కనిపించింది. మెట్రో ఎక్కాక అంతా బాగానే ఉండేది. ఇంటి నుంచి స్టేషన్ దాకా, స్టేషన్ నుంచి ఆఫీసు దాకా ఎలా పోవాలో మాత్రం ముందుగా తేల్చుకోలేదు. ఆ రెండు ముక్కలు సర్దుకుంటే మధ్యలోని పెద్ద దూరం దానంతటదే సర్దుకుంటుంది. కింద ఇచ్చే ఉదాహరణలు నా దారివి. మీది ఉప్పల్ అయినా, కూకట్‌పల్లి అయినా, అల్వాల్ అయినా పద్ధతి ఇదే.

1. ముందు ఒక వారం రాసుకోండి

ఏమీ మార్చకండి. ఇప్పుడెలా పోతున్నారో అలాగే పోతూ ఐదు రోజులు ఫోన్లో నాలుగు సంగతులు రాసుకోండి: ఇంటి తలుపు వేసిన టైము, ఆఫీసు కుర్చీలో కూర్చున్న టైము, పార్కింగ్ కోసం తిరిగిన నిమిషాలు, ఆ రోజు ఖర్చు. సాయంత్రం తిరుగు ప్రయాణానికీ అంతే.

తలుపు నుంచి కుర్చీ దాకా రాయడం ముఖ్యం. "కారులో అయితే గంటంబావు" అని నేను నాలుగేళ్ళు అందరికీ చెప్పాను. రాసుకున్న వారంలో ఒక్క రోజు కూడా గంటంబావులో చేరలేదు. సోమవారం గంటా నలభై. వాన పడిన బుధవారం రెండు గంటలు దాటింది. సెల్లార్లో బండి పెట్టి, లిఫ్టు కోసం నిలబడి, సీటు దగ్గరికి చేరడానికి పట్టే పన్నెండు నిమిషాలు అంతకుముందు నా లెక్కలో లేనే లేవు.

ఇంకొకటి కూడా చూసుకోండి. ఆ ఐదు రోజుల్లో కారు నిజంగా అవసరమైన రోజులెన్ని? అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, బరువైన సామాను, అర్ధరాత్రి దాకా పని. అలాంటి రోజుల పక్కన చుక్క పెట్టుకోండి. వాటి జోలికి పోవద్దు. చుక్క లేని రోజులే మనం మార్చుకోవలసినవి. నాకు ఐదింటిలో నాలుగింటికి చుక్క లేదు.

2. పొగ లెక్క, పైసల లెక్క పక్కపక్కన వేసుకోండి

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ (ఈ లెక్కల్లో పొగ అంటున్నది దీన్నే) వస్తుంది, డీజిల్ అయితే 2.7 కిలోలు. లీటరు పెట్రోలు బరువే ముప్పావు కిలో, అంత పొగ ఎక్కడిదంటారా? కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. ఇక కరెంటు సంగతి. మన దేశంలో ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలో వేసుకోవాలి.

రానూపోనూ 60 కిలోమీటర్ల దారికి, లీటరు పెట్రోలు 107 రూపాయల చొప్పున నేను వేసుకున్న లెక్క ఇది:

- కారులో ఒక్కరే, ట్రాఫిక్‌లో లీటరుకు 13 కిలోమీటర్లు వస్తే: రోజుకు 10.6 కిలోల పొగ, దాదాపు 490 రూపాయలు.
- పెట్రోలు స్కూటర్, లీటరుకు 45 వస్తే: 3 కిలోలు, 140 రూపాయలు.
- ఎలక్ట్రిక్ స్కూటర్, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 2 యూనిట్లు: 1.4 కిలోలు, యూనిట్ 9 రూపాయలనుకున్నా 18 రూపాయలు.
- డీజిల్ సిటీ బస్సు, లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు, లోపల 50 మంది: మనిషి వాటాకు 0.7 కిలో.

మీ బండి మైలేజీ, మీ దూరం పెట్టి మళ్ళీ వేసుకోండి. నాకు ఇందులో రెండు సంగతులు కొత్తగా తోచాయి. నల్లగా పొగ వదులుతూ పోయే నిండు బస్సులో మనిషి వాటా, ఒంటరిగా పోయే ఎలక్ట్రిక్ స్కూటర్ వాటాలో సగమే. రెండోది, ఒక్కరే పోయే ఎలక్ట్రిక్ కారు. కిలోమీటరుకు 150 వాట్-అవర్లు తీసుకున్నా 60 కిలోమీటర్లకు 9 యూనిట్లు, అంటే 6.3 కిలోలు. పెట్రోలు కారు కన్నా చాలా నయమే, సిగ్నల్ దగ్గర పక్కవాళ్ళ ముఖాన పొగ కూడా కొట్టదు. అయినా పెట్రోలు స్కూటర్‌కు రెండింతలు. "ఎలక్ట్రిక్ కారు కొనేస్తే అయిపోతుంది" అనుకునేవాళ్ళు ఒకసారి ఈ లెక్క చూడాలి. బండి దేనితో నడుస్తుందన్న దానితోపాటు అందులో ఎంతమంది కూర్చున్నారన్నదీ చూడాలి.

3. మధ్య దారి తేల్చుకోండి

మెట్రో. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య 30 కిలోమీటర్లతో మొదలైంది. ఇప్పుడు మూడు లైన్లు కలిపి సుమారు 69 కిలోమీటర్లు. అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్ దగ్గర లైను మారవచ్చు. మీకు దగ్గరి స్టేషన్ ఏదో మ్యాపులో చూసి అక్కడితో ఆగిపోకండి. పక్క లైను స్టేషన్ కూడా చూడండి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మాకు దగ్గర ఎల్బీనగర్. మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది. కానీ అమీర్‌పేటలో దిగి, అంతస్తు మారి, రాయదుర్గం రైలెక్కాలి. పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట మెట్ల మీద ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకు తెలుసు. భుజానికి బ్యాగు తగిలించుకుని దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుంటూ పోతారు. పైకి చేరేసరికి వచ్చిన రైలు నిండిపోయి ఉంటుంది, తర్వాతది ఎక్కాల్సిందే. మొదటి రెండుసార్లు నేను వదిలేయడానికి ఇదొక కారణం. మూడోసారి నాగోల్ నుంచి ఎక్కి చూశాను. ఇంటి నుంచి కాస్త దూరమే, అయితే నాగోల్ కూడా మొదటి స్టేషనే, రైలు నేరుగా రాయదుర్గం పోతుంది. ఎక్కి కూర్చుంటే లైను మారే పనిలేదు. స్టేషన్‌కు ఓ పది నిమిషాలు ఎక్కువ పెట్టి, గంటసేపు కుదురుగా కూర్చునే సీటు సంపాదించుకున్నాను. మీ దారిలో కూడా ఇలాంటి వెసులుబాటు ఉందేమో వెతకండి. సీటు దొరికే స్టేషన్, లైను మారనక్కర్లేని స్టేషన్, ఈ రెండూ దగ్గరి స్టేషన్ కన్నా ఎక్కువ విలువైనవి.

రాత్రి పదకొండు దాటే పనులుంటే మాత్రం మెట్రోను నమ్ముకోవద్దు. ఆ రోజుకు వేరే ఏర్పాటు చేసుకోండి.

ఎంఎంటీఎస్, అంటే లోకల్ రైలు. 2003 ఆగస్టు నుంచి నడుస్తోంది. లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమా వైపు ఉండేవాళ్ళకు ఇది చాలా చౌక ప్రయాణం. సీజన్ టికెట్ తీసుకుంటే ఇంకా తక్కువ. చిక్కల్లా ఒకటే, మెట్రోలా ఐదు నిమిషాలకో రైలు రాదు. కాబట్టి పొద్దున రెండు, సాయంత్రం రెండు రైళ్ళ టైములు కంఠతా పట్టి, వాటికి తగ్గట్టు బయల్దేరండి. ఒక జాగ్రత్త: హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ ఒకచోట లేవు. పేరు చూసి దిగి, ఎండలో ఆటో కోసం వెతుక్కున్నవాళ్ళను నేను చూశాను. బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, మలక్‌పేట లాంటి చోట్ల రెండు స్టేషన్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి. మారాలంటే అక్కడ మారండి.

బస్సు. ముందు మీ దారిలో పోయే నంబర్లు తెలుసుకోండి. పటాన్‌చెరు–కోఠి 218, సికింద్రాబాద్–కొండాపూర్ 10హెచ్, కోఠి–కొండాపూర్ 127కె లాంటివి వాటి దారుల్లో ఉన్నవాళ్ళకు నోటికి వచ్చేసి ఉంటాయి. టీజీఎస్ఆర్టీసీ గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసి ఇంట్లోంచి కదలవచ్చు. యాప్ చూపించినదానికి ఐదు నిమిషాలు ముందే స్టాపులో ఉండండి, ఎందుకంటే స్టాపులో నిలబడ్డవాళ్ళు చెయ్యి ఎత్తకపోతే బస్సు ఆగకుండా పోవచ్చు. తెలంగాణలో ఆడవాళ్ళకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుని జీరో టికెట్ అడిగి తీసుకోండి. మగవాళ్ళు నెల పాసు తీసుకుంటే చిల్లర గొడవ ఉండదు, వచ్చిన బస్సు ఎక్కేయవచ్చు.

4. మొదటి కిలోమీటరు, చివరి కిలోమీటరు

ఇక్కడ తొందరపడకండి. చాలామందికి చెడేది ఇక్కడే.

ఇంటి వైపు. కిలోమీటరుంబావు లోపు అయితే నడవండి, పదిహేను నిమిషాల పని. కానీ ఏ వీధిలోంచి నడవాలో ఒక ఆదివారం తీరిగ్గా తిరిగి చూసుకోండి. మ్యాపు చూపించే దారి మెయిన్ రోడ్డు మీదుగా పోతుంది, అక్కడ ఫుట్‌పాత్ మీద బండ్లు, కొబ్బరిబోండాలు, కరెంటు పెట్టెలు. లోపలి వీధుల్లోంచి పోతే వేపచెట్ల నీడ దొరుకుతుంది, వంద మీటర్లు ఎక్కువైనా సరే. కుక్కల బెడద ఎక్కడుందో, రాత్రి వీధి దీపాలు ఎక్కడ వెలగవో కూడా అప్పుడే తెలుస్తుంది. మా వీధి చివర దీపం వెలగడం లేదని నాకు తెలిసింది అలా నడిచిన రోజే.

రెండు మూడు కిలోమీటర్లయితే సైకిలు. కొత్తది కొనకండి. గేర్లు లేని పాత సైకిలు, మంచి తాళం, వెనక చక్రానికి మడ్‌గార్డు చాలు. ఖరీదైన సైకిలు స్టేషన్ దగ్గర వదిలితే రోజంతా మనసు దాని మీదే ఉంటుంది. అంతకన్నా దూరమైతే స్కూటర్ మీద స్టేషన్‌కు పోయి అక్కడ పెట్టండి. నేను నాగోల్‌కు చేసేది అదే. పార్కింగ్ రుసుము కట్టాల్సి వస్తే దాన్ని కూడా రెండో అడుగులోని లెక్కలో కలపండి. కలిపినా కారు ఖర్చు దరిదాపుల్లోకి రాదు.

ఆఫీసు వైపు. ఇదే కష్టమైన ముక్క. రాయదుర్గం స్టేషన్‌లో దిగితే మైండ్‌స్పేస్ వైపు ఆఫీసులకు నడిచిపోవచ్చు. నానక్‌రాంగూడ వైపు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వాళ్ళకు అక్కడి నుంచి ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంటుంది.

స్టేషన్ మెట్లు దిగుతుండగానే కేకలు వినిపిస్తాయి. "విప్రో సర్కిల్, విప్రో సర్కిల్! ఒక్కళ్ళే అన్నా, ఒక్కళ్ళే!" ఆటోలో వెనక ముగ్గురు కూర్చుని ఉంటారు, డ్రైవరు పక్కన జానెడు జాగా. అక్కడ కూర్చోవద్దు. గుంత వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెనక సీటు దొరికే ఆటో రెండు నిమిషాల్లో వస్తుంది, ఆగండి. చిల్లర నోట్లు పై జేబులో పెట్టుకోండి, ఫోన్‌తో డబ్బు పంపడానికి ఒక్కోసారి సిగ్నల్ అందదు.

నాకు షేర్ ఆటో మొదటి నెల బాగానే నడిచింది. జూలైలో వానలు మొదలయ్యాక ఒక రోజు ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డాను, ఒక్క ఆటో రాలేదు. క్యాబ్ యాప్‌లో మామూలు రేటుకు రెట్టింపు చూపించింది. షూ లోపలికి నీళ్ళు దిగాయి, మీటింగ్ అయిపోయింది. ఆ సాయంత్రమే మళ్ళీ కారు తీద్దామనిపించింది. మర్నాడు మా అంతస్తులో అడిగితే తెలిసింది, పక్క టవర్‌లోని కంపెనీ బస్సు రాయదుర్గం నుంచి రోజూ సగం ఖాళీగా వస్తోందని. రెండు కంపెనీల అడ్మిన్ వాళ్ళనూ కలిపి మాట్లాడించడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఆ బస్సులో మా వాళ్ళు పదకొండు మంది ఎక్కుతున్నాం.

మీరు కూడా ముందు మీ ఆఫీసులో షటిల్ ఉందేమో అడగండి, లేకపోతే పక్క భవనం వాళ్ళను అడగండి. అదీ కాకపోతే సిటీ బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో, చివరగా బైక్ ట్యాక్సీ. రోజూ వాడేది ఒకటి, అది దొరకకపోతే ఇంకొకటి, రెండూ ముందే అనుకుని ఉండాలి. ఒకే దాని మీద ఆధారపడితే మొదటి పెద్ద వానకే అంతా తలకిందులవుతుంది.

నార్సింగి, కోకాపేట, కొల్లూరు వైపు ఉంటూ నానక్‌రాంగూడకు పోయేవాళ్ళు అదృష్టవంతులు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో తెరిచారు. చాలా దూరం పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు ఉండటంతో ఎండ నేరుగా తగలదు. ఆదివారం వ్యాయామానికి మాత్రమే వాడేవాళ్ళు ఒక్కసారి ఆఫీసు బ్యాగుతో పోయి చూడండి. ఆఫీసులో స్నానాల గది, బట్టలు మార్చుకునే చోటు ఉన్నాయేమో ముందు కనుక్కోండి. ట్రాక్ దిగాక ఆఫీసు గేటు దాకా ఉండే రోడ్డు ముక్కను తెల్లవారుజామున ఒకసారి తొక్కి చూడటం కూడా మరవకండి.

5. సంచి సర్దుకోండి

మడిచే గొడుగు, బ్యాగుకు వాన కవరు, చేతి రుమాలు, నీళ్ళ సీసా, పవర్ బ్యాంకు. ఆఫీసు డ్రాయర్లో ఒక జత చెప్పులు, ఒక చొక్కా. ఇంతే. ఏప్రిల్, మే నెలల్లో నడక ఎక్కువుంటే పొద్దున ఏడున్నరకే బయల్దేరండి. ఎండా తప్పుతుంది, రైల్లో రద్దీ కూడా తప్పుతుంది.

6. వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి

మంగళవారం, గురువారం మంచివి. సోమవారం మొదలుపెట్టకండి. ఆ రోజు రోడ్ల మీద, రైళ్ళలో, ఆఫీసులో అన్నిచోట్లా హడావుడే. నెల రోజులు రెండు రోజులే చేయండి. కుదిరితే మూడు, తర్వాత నాలుగు. ఈ నెలలో కారు అమ్మే ఆలోచన పెట్టుకోవద్దు. ఇంట్లో వాళ్ళకు కూడా ఫలానా రోజు కారు ఇంటి దగ్గర ఉంటుందని చెప్పండి. మా ఇంట్లో ఆ రెండు రోజులూ మా ఆవిడ తన పనులు పెట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతో మళ్ళీ కారు తీయాలన్నా నాకు దొరకని పరిస్థితి. అలవాటు గట్టిపడటానికి అదే ఎక్కువ పనికొచ్చింది.

7. సొంత బండి తప్పదంటే ఎలక్ట్రిక్ స్కూటర్

మీ దారిలో మెట్రో లేదు, బస్సు రాదు, రోజూ నాలుగు చోట్లకు తిరగాలి. అలాంటప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ సరైనదే. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు, గడువు 2026 డిసెంబరు 31. కొనేముందు ఆ మినహాయింపు బిల్లులో కనిపిస్తోందో లేదో చూసుకోండి.

కంపెనీ చెప్పే రేంజిలో ముప్పావు వంతే వస్తుందనుకుని లెక్కేయండి. ఫ్లైఓవర్లు, వెనక మనిషి, రెండేళ్ళు వాడిన బ్యాటరీ, అన్నీ కలిస్తే అంతే. మీ రోజువారీ దూరానికి రెట్టింపు వచ్చే బండి తీసుకుంటే మధ్యలో ఆగిపోతుందన్న బెంగ ఉండదు. 2022లో కొన్ని స్కూటర్లు కాలిపోయాక కేంద్రం బ్యాటరీ భద్రతా నియమాలను గట్టి చేసింది. ఏఐఎస్-156 సవరించిన నియమాల ప్రకారం తయారైన బ్యాటరీయేనా అని అమ్మేవాళ్ళను అడిగి, కాగితం మీద చూపించమనండి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఇక అపార్ట్‌మెంట్లో ఛార్జింగ్. ఇక్కడే గొడవలొస్తాయి. "కామన్ మీటర్ కరెంటు వాడుకుంటున్నాడు" అన్న మాట ఒకసారి పడితే అసోసియేషన్ మీటింగుల్లో ఏళ్ళ తరబడి నలుగుతుంది. మొదటే ఇలా చేయండి. మీ ఫ్లాట్ మీటరు నుంచి పార్కింగ్ దాకా వైరు లాగించండి, పైపులోంచి, మంచి మందం ఉన్నది. చివర 15 ఆంపియర్ సాకెట్, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్), షాక్ కొడితే కట్టయ్యే ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టి చూపించుకోండి. పాత భవనాల్లో మూడో పిన్ను ఉంటుంది, దాని వెనక ఎర్తు వైరు ఉండదు. ఫ్లాట్ మీటరు నుంచి లాగడం కుదరకపోతే కామన్ లైనుకు సబ్ మీటరు పెట్టించి, నెల నెలా రీడింగు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మా బ్లాకులో ఇలా ఒకరు పెట్టాక నాలుగు నెలల్లో ఇంకో ఐదుగురు స్కూటర్లు కొన్నారు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఛార్జింగ్ పెట్టకండి. ఎండలో తిరిగొచ్చిన వెంటనే కూడా పెట్టకండి, అరగంట చల్లారనివ్వండి. రోజువారీ వాడకానికి 80 శాతం దగ్గర ఆపితే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. కంపెనీ ఇచ్చిన ఛార్జర్ తప్ప వేరేది వాడొద్దు.

సొంత ఇల్లున్నవాళ్ళు ఇంకో అడుగు వేయవచ్చు. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది. అంత సోలార్ మంచి ఎండ రోజున పన్నెండు యూనిట్ల దాకా ఇస్తుంది, స్కూటర్‌కు కావలసింది రెండు. మిగిలింది ఇంటికి.

8. కారే తీయాల్సి వస్తే

పక్క సీటు నింపండి. ఒక్కరు తోడైతే మనిషి వాటా పొగ సగమైపోతుంది, ఏ కొత్త బండీ అంత తేలిగ్గా ఇంత తగ్గించలేదు. కాలనీ గ్రూపులో "పొద్దున 8:10కి గేటు దగ్గర, సాయంత్రం 6:15కి ఆఫీసు దగ్గర, నాగోల్ మీదుగా" అని టైము, దారి స్పష్టంగా రాయండి. "ఎవరైనా వస్తారా?" అని ఊరికే అడిగితే ఎవరూ పలకరు. పెట్రోలు ఖర్చు పంచుకోండి, అంతకు మించి తీసుకోవద్దు. ఐదు నిమిషాల కన్నా ఎక్కువ ఎదురుచూడనని మొదటే చెప్పుకోండి. స్నేహాలు చెడకుండా ఉంటాయి.

పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి చూపించండి. గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. సిగ్నల్ దగ్గర అంకె ముప్పైకి పైన ఉంటే ఇంజను ఆపేయండి. పక్కన స్కూటర్ మీద తల్లి ముందు నిలబడ్డ పిల్లాడి ముక్కు మన సైలెన్సర్‌కు ఎంత దూరంలో ఉందో ఒక్కసారి చూస్తే చెయ్యి దానంతటదే తాళం మీదికి పోతుంది.

9. అడగండి, కాగితం మీద

మన వంతు మనం చేశాక కూడా కొన్ని మన చేతిలో ఉండవు. బస్సు చాలదు, స్టాపుకు నీడ ఉండదు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. అవి వచ్చేటప్పుడు ఏ దారికి వేయాలో డిపోలు లెక్కలు చూస్తాయి. మీ కాలనీ లెక్క అక్కడ ఉండాలంటే మీరే ఇవ్వాలి.

"బస్సులు పెంచండి" అని రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. ఇలా రాయండి: ఫలానా స్టాపు, పొద్దున 7:40 నుంచి 8:30 మధ్య, ఫలానా మూడు రోజులు మేము నిలబడి లెక్కపెట్టాం, ఇంతమంది ఎదురుచూశారు, ఇన్ని బస్సులు ఆగాయి, ఇన్ని నిండుగా ఉండి ఆగకుండా పోయాయి. కింద కాలనీవాళ్ళ సంతకాలు. దాన్ని డిపో మేనేజర్‌కు నేరుగా ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోండి. 'డయల్ యువర్ డీఎం' (డిపో మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడే కార్యక్రమం) పెట్టిన రోజున ఫోన్ చేసి ఆ కాగితం తేదీ చెప్పండి. ఆఫీసులో హెచ్‌ఆర్‌కు కూడా అలాగే: మెట్రోలో వచ్చేవాళ్ళ పేర్లు, దిగే టైములు, షటిల్ కావలసిన రెండు ట్రిప్పులు. టైము పావుగంట అటూ ఇటూ జరిపితే రద్దీ తప్పుతుందనుకుంటే అదీ రాయండి.

మేము స్టాపులో లెక్కపెట్టింది ఇద్దరం, నేను, పక్కింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయన పాత హాజరు పట్టీ తెచ్చి అందులో గీతలు గీశారు. మూడో రోజు స్టాపులో నిలబడ్డ ఒక అమ్మాయి "ఏం రాస్తున్నారు సార్?" అని అడిగి, విషయం విని, "మా హాస్టల్లో ముప్పై మంది ఇదే బస్సు ఎక్కుతాం, వాళ్ళ సంతకాలు రేపు తెస్తాను" అంది. మర్నాడు తెచ్చింది.